వీసా వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: దాస్ వీజుమ్ విర్ట్ షోన్ కొమ్మెన్.

ప్రతిపదార్థం: దాస్ వీజుమ్ = ఆ వీసా; విర్ట్ = అగును (భవిష్యత్తును దెలుపు సహాయక్రియ యని పాఠ్యపుస్తకము); షోన్ = ఇప్పటికే, ఇచ్చట మాత్రము 'లే'; కొమ్మెన్ = వచ్చుట.

సందర్భం: ఢిల్లీ కస్తూర్బా గాంధీ మార్గ్‌లోని మాక్స్‌ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్చి, చాణక్యపురిలోని రాయబార కార్యాలయం వైపు చూస్తున్న తెలుగు విద్యార్థికి మిత్రుడు చెప్పే ఊరట.

తాత్పర్యం: వీసా వస్తుందిలే.

విశేషం: ఇది భవిష్యత్ కాలమంటే వ్యాఖ్యాత ఒప్పడు. వీసా రేపు ఖాయమని తెలిసిన జర్మన్ 'కొమ్ట్ మోర్గెన్' అంటాడు. కొమ్ట్ వర్తమానం, రేపటి బరువంతా 'మోర్గెన్' మోస్తుంది. 'విర్ట్' దిగేది ఎక్కువగా ఊహ ఉన్నచోట. 'ఎర్ విర్ట్ త్సు హౌజె జైన్' అంటే చాలాసార్లు ఇప్పుడు ఇంట్లోనే ఉండి ఉంటాడని. 'ఈపాటికి నోయిడా చేరి ఉంటాడు' అని మనం అనమూ? చేరడం గతం, 'ఉంటాడు' ఊహ. గతం మీది ఇలాంటి ఊహకే జర్మన్ వ్యాకరణం రెండో భవిష్యత్తని పేరుపెట్టి విద్యార్థిని హడలగొడుతుంది. మన ఇళ్లలో అది వంటింటి మాట. తెలుగువాడికి చిక్కు తెలుగు నుంచి రాలేదు, ప్రతి రేపటికీ ఇంగ్లీషు 'విల్' తగిలించే అలవాటు నుంచి వచ్చింది.

అయితే 'విర్ట్'కు భవిష్యదర్థమే లేదా అని శంక. ఉంది, రేపు, వచ్చే ఏడు వంటి ఆధారం లేనప్పుడూ, ప్రతిజ్ఞలోనూ, జోస్యంలోనూ. ఆ చివరి రెంటికీ పలికినవాడి నమ్మకం తప్ప సాక్ష్యం ఉండదని గమనించాలి. వర్తమానంతో రేపటి మాట చెప్పడం అలసత్వం కాదా అని ఇంకో శంక. దగ్గరి భవిష్యత్తుకు వర్తమాన ప్రత్యయాలను వికల్పంగా పాణినే అష్టాధ్యాయిలో అనుమతించాడు. 2014లో కేంద్రీయ విద్యాలయాల మూడో భాషగా ఉన్న జర్మన్‌ను చదువుల నడుమ తప్పించి సంస్కృతం వైపు మళ్లించినప్పుడు, ఈ ఒక్క పాఠం మార్చనక్కర్లేదని ఎవరికీ తోచినట్టు లేదు. ఢిల్లీ దుకాణదారు ఇంకో అడుగు ముందున్నాడు: 'అభీ ఆయా' అని భూతకాలంలో మాటిస్తాడు. మన 'ఇదిగో వచ్చేశా' కూడా అంతే. అన్నవాడు ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. మరి అతడికీ నమ్మకం ఎక్కువేనా? కాదు, నమ్మించే అవసరం ఎక్కువ. క్రియ చూపేది గడియారాన్ని కాదు, పలికేవాడు ఎంత ధీమా ప్రదర్శించదలిచాడో దాన్ని.

కాబట్టి మిత్రుడు 'కొమ్ట్' అంటే విద్యార్థి పెట్టె సర్దుకోవచ్చు. 'విర్ట్ షోన్' అన్నాడా, విమానం టికెట్ కొనేముందు రద్దుకు ఎంత కోస్తారో చూసుకోవాలి.