ఎదురు కూలి

1983లో మూడు పనులు జరిగాయి. జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. పేదవాడికి పక్కా ఇల్లు అన్న మాట ఊరూరా మోగింది. అమెరికాలో పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ మన దేశంలో తన తొలి పని ఖమ్మంలో మొదలుపెట్టింది. ఢిల్లీలో పార్లమెంటు ఎమిగ్రేషన్ చట్టం చేసింది. పదో తరగతి గట్టెక్కని మనిషి గల్ఫుకు కూలికి పోవాలంటే సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సింది నేటికీ ఆ చట్టం కిందనే.

అంటే ఒకే ఏడాదిలో ఇల్లు ఇస్తామని సర్కారు చెప్పింది, కట్టడానికి అమెరికావాళ్లు వచ్చారు, కట్టడం చేతనైనవాళ్లు విమానం ఎలా ఎక్కాలో ఢిల్లీవాళ్లు రాసిపెట్టారు. నలభై ఏళ్లు దాటాయి. ఎవరి పనిలో వాళ్లు ఉన్నారు. ఇల్లు లేనివాడు కూడా తన పనిలోనే ఉన్నాడు, ఎదురుచూస్తూ.

హ్యాబిటాట్ పుట్టుక వింటే మన సినిమావాళ్లు ఇన్నాళ్లూ ఎలా వదిలేశారా అనిపిస్తుంది. మిలార్డ్ ఫుల్లర్ అనే వకీలు ముప్పై ఏళ్లు నిండకముందే వ్యాపారంలో లక్షాధికారి అయ్యాడు. భార్యతో కాపురం చెడే దాకా వచ్చాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఉన్నదంతా పంచేసి జార్జియా రాష్ట్రంలో ఒక ఉమ్మడి వ్యవసాయ క్షేత్రానికి చేరారు. 1973లో ఆఫ్రికాలోని జైర్ వెళ్లి ఇళ్లు కట్టించారు. తిరిగొచ్చి 1976లో ఈ సంస్థ పెట్టారు. లెక్క సులువు: లాభం వద్దు, వడ్డీ వద్దు. ఇల్లు పొందే కుటుంబం తన చెమట కలపాలి, అసలు కొద్దికొద్దిగా తీర్చాలి. పక్కన నిలబడి ఇటుక అందించడానికి ఎక్కడెక్కడి మనుషులో సొంత ఖర్చుతో వస్తారు. 2006లో లోనావాలా దగ్గర మలవలి గ్రామంలో వారం రోజుల్లో వంద ఇళ్లు లేపడానికి ఎనభై రెండేళ్ల జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని దిగాడు. బ్రాడ్ పిట్ కూడా ఒక చెయ్యి వేసి వెళ్లాడు. మన దగ్గర మాజీ సర్పంచి సుత్తి పట్టుకుంటే ఏదో గొడవ జరుగుతోందని పోలీసులకు ఫోన్ పోతుంది.

ఇప్పుడు ఇలాంటి బృందం ఒకటి మా చిల్లకూరు వచ్చిందనుకుందాం.

చెన్నైలో దిగి పదహారో నంబరు జాతీయ రహదారి మీద నేరుగా వచ్చేయొచ్చు. జిల్లా పేరు అడిగితే మాత్రం కాసేపు ఆగాలి. తరతరాలుగా నెల్లూరు జిల్లా వాళ్లం అని చెప్పుకున్న ఈ మండలాన్ని 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు, తర్వాత మళ్లీ నెల్లూరుకే చేర్చారు. ఇల్లు లేనివాడికి కూడా చిరునామా మారింది; మన పాలనలో సామాను దించకుండానే కాపురం మార్చగలరు. వాలంటీర్లు వస్తున్నారని తెలియగానే నలుగురు ముసలమ్మలు వేలిముద్రకు చేయి తుడుచుకుని సిద్ధంగా కూర్చుంటారు. 2019 ఆగస్టులో సర్కారు పెట్టిన ఆ పేరువాళ్లు కొన్నేళ్లపాటు ఇంటికి పింఛనే తెచ్చారు మరి.

బస్సు దిగిన పదిహేను మందికీ ఒకే రంగు టీ షర్టు. చేతికి తొడుగులు, తలకు గట్టి టోపీలు, ఒంటికి ఎండ తగలకుండా తెల్లటి లేపనం. పని చూపించే బాధ్యత బేల్దారి మేస్త్రిది. పాతికేళ్లు తాపీ పట్టినవాడు, అందులో సగం కువైట్‌లో. రసమట్టం లేకుండానే గోడ వంపు కంటితో చెప్పగలడు. ఆయన చూస్తుండగా ఆరుగురు డిగ్రీ చదివిన మనుషులు వరసగా నిలబడి ఒక్కో ఇటుకనూ చేతులు మార్చుకుంటూ, ప్రతి ఇటుకకూ థాంక్యూ చెప్పుకుంటూ పునాది దాకా చేరుస్తారు. మామూలు రోజున ఒక్క ఆడకూలి తలమీద గమేళా పెట్టుకుని ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని చేసే పని అది. ఆమెకు థాంక్యూ ఎవరూ చెప్పినట్టు లేదు.

మేస్త్రికి అర్థం కాక తర్జుమా చేసే కుర్రాణ్ణి పక్కకు పిలిచి, వరసలో ఉన్న ఒక అమెరికా పిల్లను చూపిస్తాడు.

“ఏందబ్బయ్యా ఇది? ఆయమ్మకు రోజు కూలి ఎంతిస్తుండారు?”

“కూలి లేదన్నా. ఆవిడే డబ్బు కట్టి వచ్చింది. విమానం చార్జీ, తిండి, బస అన్నీ ఆవిడవే. పైన సంస్థకు చందా కూడా.”

“ఇటుకలు మోసేదానికి డబ్బు కట్టిందా?”

“సేవ అన్నా.”

మేస్త్రి కాసేపు ఆలోచిస్తాడు. “నేనూ కట్టినా గదా, కువైట్ పోయేదానికి. ఏజెంటుకి. అప్పుజేసి కట్టినా, వడ్డీతో. అట్టయితే నేను పోయిందీ సేవకేనా?”

కుర్రాడి దగ్గర జవాబుండదు. నా దగ్గరా లేదు. ఇద్దరూ సొంత డబ్బుతో సముద్రం దాటినవాళ్లే. ఇద్దరూ మోసింది ఇటుకే. ఈవిడ జీతం లేని పని చేస్తోంది కాబట్టి ఒక నెల దాకా పర్యాటక వీసా చాలు. ఆయన జీతానికి పోయాడు కాబట్టి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయింది. ఈవిడ తిరిగి వెళ్లాక ఉద్యోగ దరఖాస్తులో ఈ రెండు వారాలకు ఒక పేరా రాసుకుంటుంది. ఆయన పన్నెండేళ్లకు కలిపి ఊళ్లో ఒక మాట అంటారు: పిల్లలు ఎదిగేటప్పుడు ఇంటిపట్టున లేడు.

లెక్కలు తెలిసినవాళ్లు ఇక్కడే అడ్డుపడతారు. అమెరికా నుంచి చెన్నైకి రానూ పోనూ టికెట్టు లక్ష రూపాయల మాట. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి కేంద్రం పెట్టిన లెక్క లక్షా ఇరవై వేలు. పదిహేను మంది రాకుండా టికెట్టు డబ్బు పంపితే పన్నెండిళ్లు లేస్తాయి కదా అని. లెక్క తప్పు కాదు. కానీ రాకపోతే వాళ్లు డబ్బూ పంపరు, ఇంట్లో కూర్చుని మన గురించి డాక్యుమెంటరీ చూస్తారు. పైగా వాళ్లు పగలు కట్టిన వరసను మేస్త్రి రాత్రి తాడు పట్టి, తూకం గుండు వేసి, విప్పి మళ్లీ కడతాడు. ఒక గోడకు రెండుసార్లు కూలి. ఇంతకన్నా ఉపాధి కల్పన ఏ పథకంలో ఉంది?

అసలు దూరంనుంచి వచ్చి ఇటుక పెట్టడం మనకు కొత్తేమీ కాదు. చిల్లకూరు, కోట మండలాల్లో రాబోతున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు, విశాఖపట్నంలో నిలబడి. పునాది ఒకచోట, పునాదిరాయి ఇంకోచోట. దాదాపు లక్ష ఉద్యోగాలన్నారు. అవి ఎక్కడ పడతాయో చూడాలి. పాపం ఆ అమెరికా పిల్ల కనీసం గోడ ఉన్న ఊరికి వచ్చి ఇటుక పెట్టింది.

ఇక ఇసుక సంగతి. ఈ రెండు మండలాల నేలలో తెల్లగా మెరిసేది సిలికా. లారీలకు లారీలు గాజు కర్మాగారాలకు పోతుంది. ఎక్కడో నగరంలో అద్దాల మేడ ముందు నిలబడి మనవాడొకడు సెల్ఫీ తీసుకుంటే, వెనక కనిపించేది మా ఊరి నేల కావచ్చు. ఇక్కడి పేదవాడు మాత్రం ఇంటి ఇసుకకు ఏటి రీచ్ వైపు చూడాలి. 2024 జులై నుంచి ఇసుక ఉచితం. తవ్వకం, ఎత్తుడు, ట్రాక్టరు ఉచితం కావు. దేవుడి దర్శనం ఉచితమే, కొండెక్కడానికే ఖర్చు, అది తిరుపతి పద్ధతి అనుకుని సర్దుకోవాలి.

వచ్చిన బృందాన్ని నేనైతే ఇటుకల దగ్గర ఉంచను. ఇల్లు ఇటుకతో మొదలవదు, పట్టాతో మొదలవుతుంది. చెరువు కట్టల మీద, రొయ్యల గుంతల పక్కన తాటాకు గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలకు కావలసిన మొదటి వస్తువు కాగితం. స్థలం తనదని కాగితం, తాను తానేనని ఇంకో కాగితం. హ్యాబిటాట్ అయినా సర్కారు అయినా మొదట అడిగేది అదే: జాగా ఎవరిది? ఆ పదిహేను మందినీ తహసీల్దారు ఆఫీసు వరండాలో వరసగా నిలబెట్టి, ఒకే ఒక్క దరఖాస్తును చేతులు మార్చుకుంటూ గుమాస్తా బల్ల నుంచి సంతకం దాకా చేర్చమనాలి, ప్రతి చేతికీ థాంక్యూ చెబుతూ. రెండు వారాల్లో చేరిస్తే నేను వాళ్లకు విగ్రహాలు పెట్టిస్తాను.

కాగితం వచ్చినవాడికి అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. బిల్లు దశలవారీగా వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, శ్లాబు పడ్డాక మిగతాది. దశదశకూ ఫోటో, ఫోటోకు జియోట్యాగ్. బేస్‌మెంట్ బిల్లు వచ్చే లోపు సిమెంటు ధర మారుతుంది, ధర దిగే లోపు ప్రభుత్వం మారుతుంది, కొత్త ప్రభుత్వం పాత బేస్‌మెంట్ ఎవరిదో తేల్చే లోపు మధ్యలో తుమ్మచెట్టు మొలుస్తుంది. ఉపగ్రహానికి ఆ బేస్‌మెంట్ అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుసు. ఏ పాత నగరానికీ ఇంత కచ్చితమైన శిథిలాలు ఉండవు.

ఇంత మాట అన్నా నాకు ఆ టీ షర్టు జనం మీద కోపం లేదు. వాళ్ల గోడ వంకర, వాళ్ల మనసులో వంకర లేదు. తెల్లవాళ్లంతా రెండు వారాల బాపతు కూడా కారు. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ 1945లో మన దేశానికి వచ్చి, ఊరి తాపీవాడి దగ్గర కూర్చుని ఎక్కడ ఏ మట్టి నిలుస్తుందో నేర్చుకుని, ఇటుకల మధ్య బోలు వదిలి కట్టే పద్ధతితో ఖర్చు తగ్గించి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసే దాకా కడుతూనే ఉన్నాడు. ఆయన నేర్పడానికన్నా ముందు నేర్చుకున్నాడు, అందుకే ఆ ఇళ్లు నిలిచాయి. అంతకాలం ఉండమని ఎవరినీ అడగలేం. సెలవు దొరకదు.

కాబట్టి నేను ఒక ఎదురు పథకం ప్రతిపాదిస్తున్నాను. ఇల్లు లేనివాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. హ్యాబిటాట్ అక్కడా కడుతోంది. మా మేస్త్రికి, ఇంకో పద్నాలుగు మంది బేల్దారులకు ఒకే రంగు టీ షర్టులు కుట్టించి రెండు వారాలు జార్జియాకు పంపుదాం. రోజు కూలి వద్దు, సేవ. గోడ రాత్రిపూట ఎవరూ విప్పి కట్టనక్కర్లేదు, అదొక్కటే తేడా. అమెరికా బీ-1 వీసాలో గుర్తింపు పొందిన ధార్మిక సంస్థకు జీతం లేకుండా సేవ చేసి రావడానికి చోటుంది. కాబట్టి మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడతాడు.

“ఎందుకు వెళ్తున్నారు?”

“మీ దేశంలో పేదోళ్లకు ఇల్లు కట్టించేదానికి సార్. ఊరకనే.”

లోపలి అధికారి ఇలాంటి జవాబు ఉద్యోగంలో చేరాక విని ఉండడు. కంప్యూటరు వైపు చూస్తాడు, పక్క కిటికీ అధికారి వైపు చూస్తాడు. చివరికి పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడుగుతాడు, వెళ్లినవాడు తిరిగొస్తాడని నమ్మకం కుదరాలి కదా.

“మీ ఊళ్లో మీకు సొంత ఇల్లుందా?”

“ఉండాది సార్,” అంటాడు మేస్త్రి. “బేస్‌మెంట్ దాకా.”