నువ్వే రాసుకురామ్మా

రెకమెండేషన్ లెటర్ అడిగితే మన ప్రొఫెసర్లు ఇచ్చే జవాబు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఒక్కటే. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను." ఆ మాట అనేసి మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోతారు. మనం కూడా ఏదో పెద్ద పని అయిపోయినట్టు "థాంక్యూ సార్" అంటూ వెనక్కి వెనక్కి నడిచి గది బయటికొస్తాం. మెట్లు దిగుతుంటే అప్పుడు తడుతుంది, సారు చేతిలో పెట్టింది హోంవర్కని.

ఈ డిసెంబరుకి అమెరికాలో తెలుగు సాహిత్యం మీద పీహెచ్‌డీకి దరఖాస్తులు పెడుతున్నాను. ఒక్కోదానికీ మూడేసి ఉత్తరాలు కావాలి. మార్కుల జాబితాలంటే బీరువాలో ఉన్నాయి. ఇరవై పేజీల రైటింగ్ శాంపిల్ అంటే డిసర్టేషన్ లోంచి కోసిస్తాను. "ఎందుకు చదవాలనుకుంటున్నావు" అనే స్టేట్‌మెంట్ అంటే, ఇంట్లో రోజూ నాన్నకి చెబుతున్నదే కాస్త మర్యాదగా రాస్తే సరిపోతుంది. ఉత్తరాలే నా ప్రాణం తీస్తున్నాయి. ఉత్తరంతో పాటు ఒక పట్టిక కూడా నింపాలి. తెలివి, సొంత ఆలోచన, రాత, పట్టుదల. వీటిలో ఈ అమ్మాయి మీరు ఇన్నేళ్ళలో చూసిన విద్యార్థుల్లో పై ఒక శాతంలో ఉందా, ఐదు శాతంలోనా, పదిలోనా? సార్ని అడిగితే "ఏది బావుంటే అది పెట్టుకోమ్మా" అన్నారు. కూరగాయల దగ్గర కూడా ఎవరూ అంత ధారాళంగా ఉండరు.

అసలు మెలిక వేరే ఉంది. 1974లో అక్కడ చేసిన చట్టం ఒకటి విద్యార్థికి తన గురించి విద్యాసంస్థ దగ్గరున్న కాగితాలు చూసుకునే హక్కిచ్చింది. రెకమెండేషన్ లెటర్ల విషయంలో ఆ హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులో అడుగుతారు. వదులుకోకపోతే సారు మొహమాటానికి పొగిడారని అనుమానం వస్తుంది కాబట్టి అందరూ వదులుకుంటారు. నేనూ టిక్కు పెట్టాను. అంటే, ఏ ఉత్తరాన్ని అర్ధరాత్రి దాకా కూర్చుని నేనే రాసి, నేనే కామాలు దిద్ది, నేనే చదువుకుని మురిసిపోయానో, ఆ ఉత్తరాన్ని జన్మలో చూడనని నేనే ఒప్పుకున్నాను.

ఇక రాయడం. కర్ణపర్వంలో అర్జునుడు ప్రాణం తీసుకుంటానంటే కృష్ణుడు ఆపి, నిన్ను నువ్వు పొగుడుకో, చచ్చినట్టే లెక్క అంటాడు. అర్జునుడు ఒక్కసారితో బయటపడ్డాడు. నేను మూడుసార్లు చావాలి, అదీ మూడు గొంతుల్లో. ఎందుకంటే మూడూ ఒక్కలా ఉంటే పట్టేస్తారు. హెచ్‌వోడీ గారికి పొడుగు వాక్యాలు, మధ్యలో ఒక లాటిన్ ముక్క. రెండో సారుకి కాండక్ట్ సర్టిఫికెట్ భాష తప్ప ఇంకోటి రాదు కాబట్టి "నాకు తెలిసినంతలో ఈమె నడవడి తృప్తికరం" అని మొదలుపెట్టి, అక్కణ్ణించి నెమ్మదిగా మేధావితనం వైపు లాక్కెళ్ళాను. మేడమ్ గారు మటుకు "నమ్మేట్టుండాలి, రెండు లోపాలు కూడా రాయి" అన్నారు. ఎంత తన్నుకున్నా నాకు దొరికిన లోపం "పరిశోధనలో పడితే భోజనం కూడా మరిచిపోతుంది". అది మా అమ్మ చదివితే ఆ కాగితంతోనే కొడుతుంది. గిరీశం గనక ఉంటే చుట్ట పూర్తయ్యేలోపు మూడూ రాసిచ్చి, నాలుగోది వెంకటేశానికి కూడా కొట్టిచ్చేవాడు.

చుట్టాల సంగతి వేరే చెప్పాలా? "జీఆర్‌ఈ ఎంతొచ్చింది?" అన్నాడు బాబాయి. "చాలా చోట్ల అడగట్లేదు బాబాయ్, మా సాహిత్యం డిపార్టుమెంట్లలో తీసేశారు" అన్నాను. "జీఆర్‌ఈ అడగలేదంటే అదేదో డొక్కు యూనివర్సిటీ అయ్యుంటుంది, జాగ్రత్త" అని నాన్నతో రహస్యంగా చెప్పాడు. అమీర్‌పేట కన్సల్టెన్సీ కుర్రాడు నా సబ్జెక్టు విని కాసేపు కంప్యూటర్లో వెతికి, "డేటా సైన్సుకి మార్చుకునే ఆప్షనుంటుంది మేడమ్" అని ధైర్యం చెప్పాడు. అమ్మమ్మ అడిగిందే కాస్త పసున్న ప్రశ్న. "తెలుగు చదవడానికి అమెరికా ఎందుకే?"

నిజం చెబితే నమ్మలేదు. 1954లో వాళ్ళు చేసిన పీఎల్-480 చట్టం కింద మనకి గోధుమలమ్మారు. ఆ డబ్బు మనం రూపాయల్లోనే కట్టాం. ఆ రూపాయల్లో కొన్నిటితో 1962 నుంచి మన దేశంలో అచ్చయిన పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలకి పంపారు. తెలుగు పుస్తకాలూ అలాగే వెళ్ళాయి. నేను పనిచేయాలనుకుంటున్నది అమ్మమ్మ తరం అద్దెకు తెచ్చుకుని చదివిన నవలల మీద, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వాళ్ళవి. మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆ నవలలు సాహిత్యం కిందికి రాలేదు కాబట్టి కొనలేదు. అద్దె షాపులు మూతపడ్డాయి. "అయితే మనం రొట్టెలు తిన్నందుకు వాళ్ళు నవలలు పట్టుకుపోయారా?" అంది అమ్మమ్మ. నా స్టేట్‌మెంట్ మొత్తంలో ఇంత సూటిగా ఒక్క వాక్యం లేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఈమెయిల్ ఒక ఎత్తు. సంతకం పెట్టించి జేబులో పెట్టుకుంటే ఉత్తరం అయిపోయినట్టు కాదు. యూనివర్సిటీ వాళ్ళు సారుకే నేరుగా లింకు పంపుతారు, సారే నొక్కాలి, సారే ఎక్కించాలి. అదీ జీమెయిల్ అయితే మొహం అదోలా పెడతారు, కాలేజీ పేరుతో ఉన్న ఐడీ ఇమ్మంటారు.

మా రెండో సారుకి అలాంటి ఐడీ ఉంది. ఉన్నట్టు సారుకి తెలియదు. నాక్ బృందం వచ్చిన ఏడు మా డిపార్టుమెంటుకి చాలా వచ్చాయి. గోడలకి రంగులొచ్చాయి, వరండాలోకి పూలకుండీలొచ్చాయి, ఆడపిల్లల బాత్రూముకి గడియ వచ్చింది, సార్లందరికీ ఈమెయిల్ ఐడీలొచ్చాయి. బృందం వెళ్ళిపోయాక పూలకుండీలు ఎక్కణ్ణించి వచ్చాయో అక్కడికే వెళ్ళాయి. పాస్‌వర్డులు కంప్యూటర్ సెక్షన్‌లో ఒక కాంట్రాక్టు కుర్రాడి నోటుబుక్కులో ఉండేవట. అతనికి గ్రూప్-2 వచ్చింది. నోటుబుక్కుకి ఏం వచ్చిందో తెలియదు.

సరే, జీమెయిలే గతి అనుకున్నాం. అది గేటు ఎదురుగా జిరాక్సు షాపు శీను తెరిచి పెట్టాడు. పాస్‌వర్డు శీనుకే తెలుసు, రికవరీ నంబరు శీనుదే. ఆ రోజుల్లో సారుకి మెయిలొస్తే శీను ప్రింటు తీసి, ఖాతాలో రెండు రూపాయలు రాసుకుని, టీ కుర్రాడి చేత డిపార్టుమెంటుకి పంపేవాడు. సారు జవాబు అదే కాగితం వెనక రాసి పంపితే శీను టైపు చేసేవాడు. ఎంత హాయైన ఏర్పాటో చూడండి! ఆ షాపు ఇప్పుడు లేదు. అక్కడ కర్రీ పాయింటు వచ్చింది. గుత్తి వంకాయ బావుంటుంది గానీ ఓటీపీ రాదు.

కర్రీ పాయింటు ఆవిడ దగ్గర శీను కొత్త నంబరు దొరికింది. తణుకులో ఫ్లెక్సీలు వేస్తున్నాడు. పాస్‌వర్డు గుర్తులేదన్నాడు. పాత సిమ్ము వాళ్ళావిడ దగ్గరుందన్నాడు. వాళ్ళావిడ పుట్టింట్లో ఉందన్నాడు, ఎందుకుందో కూడా చెప్పబోయాడు గానీ నేను ఆపాను. ఆవిడకి ఫోన్ చేశాను. ఆ ఊళ్ళో సిగ్నల్ మేడ మీదే వస్తుంది. నేనిక్కడ సారు పక్కన కూర్చుని నొక్కడం, అక్కడ ఆవిడ మేడెక్కడం, ఓటీపీ రావడం, ఆవిడ కిందికి దిగొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చదివేసరికి గడువు దాటిపోవడం. ఇలా కొంతసేపు సాగాక ఆవిడ గొంతు మారింది. "ఇంతకీ నువ్వెవరమ్మా? మా ఆయన నంబరుకి నీకేం పని?" అంది. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతున్నానని చెప్పాను. అంతకంటే నమ్మశక్యం కాని కథ ఆవిడ జీవితంలో విని ఉండదు. చివరికి సారే ఫోన్ తీసుకుని, ఎన్టీఆర్ గొంతులో "అమ్మా, మేడ మీదే ఉండు" అని ఆజ్ఞాపిస్తే, ఉంది.

తెరుచుకుంది. చదవని మెయిళ్ళు వేలల్లో ఉన్నాయి. నా లింకు కోసం కిందికి జరుపుతుంటే, పాత డిసెంబరుదొకటి కనబడింది. అమెరికా యూనివర్సిటీదే. మీ విద్యార్థిని ఉత్తరం ఇంకా అందలేదు అని ఒకటి, దాని పైన గడువు రేపే అని ఒకటి, ఆ పైన గడువు ముగిసింది అని ఒకటి. పేరు నాకు తెలుసు. మా సీనియరక్క. ఎక్కడా సీటు రాలేదని బ్యాంకులో చేరింది. సారు ఆ తెర వైపు కాసేపు చూసి, "నీది ఏదమ్మా?" అన్నారు. నేను అక్కకి ఫోన్ చేయలేదు.

తిట్టుకోవడానికి ఇంకా బోలెడున్నాయి. దరఖాస్తు ఒక్కంటికీ వంద డాలర్లకి అటూ ఇటూ కట్టాలి, సీటు రాకపోయినా తిరిగి ఇవ్వరు. గడువు రాత్రి 11:59 అంటారు, అది న్యూయార్కు రాత్రయితే మనకి మర్నాడు పొద్దున 10:29, కాలిఫోర్నియా రాత్రయితే మధ్యాహ్నం 1:29. ఏ రాత్రో పొరపాటుపడితే వంద డాలర్లూ అయిపోయినట్టే. కానీ వీటన్నిటికంటే నన్ను కుదిపేసింది ఉత్తరంలో ఒక చిన్న నిబంధన. "బాగా చదువుతుంది" అంటే చాలదట, ఉదాహరణ కావాలట.

హెచ్‌వోడీ గారి గొంతులో ఉదాహరణ రాద్దామని కూర్చున్నాను. రెండేళ్ళలో ఆయనకీ నాకూ మధ్య ఏం జరిగిందా అని వెతికాను. ఒకసారి ఫ్యాను తగ్గించమన్నారు. ఇంకోసారి నా పేరుకి బదులు ఇంకెవరి పేరో పిలిచారు, నేను పలికాను. ఇక చేసేది లేక, "ఒకనాడు ఈమె అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులు ఆలోచింపజేసింది" అని రాశాను. ఆ ప్రశ్న నిజంగా అడిగిందే. ఆయన్ని కాదు.

అడిగింది మా అకడమిక్ కన్సల్టెంటు సార్ని. పోస్టులు నింపకుండా యూనివర్సిటీలు ఇలాంటివాళ్ళతోనే ఏళ్ళ తరబడి క్లాసులు లాగిస్తున్నాయి. నెట్టుంది, పీహెచ్‌డీ ఉంది, ఏడాదికోసారి రెన్యువల్ అవుతుందో లేదో అన్న బెంగ ఉంది. నా డిసర్టేషన్ ప్రతి పేజీ మీదా ఎర్ర పెన్ను నడిచిందంటే అది ఆయనదే. అద్దె నవలలు కూడా సాహిత్యమే, పట్టుకో అని మొదట అన్నదీ ఆయనే. ఉత్తరం అడిగితే ఆయనొక్కరే నన్ను రాసుకురమ్మనలేదు. "నాది వద్దమ్మా" అన్నారు.

ఫారం చూపించమన్నారు. హోదా దగ్గర నొక్కితే కిందికి జాబితా జారింది. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇతరులు. "ఇతరులు రాస్తే విలువుండదు. పెద్దవాళ్ళ పేరే ఉండనీ." వాదించాను. రెండో సారి అడిగేసరికి నాకే సిగ్గేసింది, ఆయన చేత అదే మాట మళ్ళీ అనిపిస్తున్నందుకు. నేనెవరో తెలియనివాళ్ళు ముగ్గురూ నన్ను పై ఒక శాతంలో పెట్టారు. తెలిసినాయన ఆ జాబితాలో ఆఖరి గడి.

"అక్కడ పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగాలెలా ఉంటాయి?" అన్నారు.

"శాశ్వతమైనవి తక్కువేనట సార్. చాలామంది కోర్సుకింతని తీసుకుని, ఏ సెమిస్టరుకా సెమిస్టరు చెప్పుకుంటారట."

"అంటే డాలర్లలో అకడమిక్ కన్సల్టెంటు."

నేనేమీ అనలేదు. ఆయన నా రైటింగ్ శాంపిల్ తీసి తిరగేస్తున్నారు. "పదకొండో పేజీలో ఫుట్‌నోటు తప్పు. అది మార్చి పంపు."