అశోక్ కుమార్ గారికి అభినందనలు

2025 డిసెంబరు 24న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు పాఠకులు చూసే ఉంటారు. వెబ్‌సైట్‌కు డొమైన్ పేరు కొన్నవాళ్ల వివరాలను ఇకమీదట అడక్కుండానే దాచిపెట్టకూడదట. దాచమని కోరి, అందుకు విడిగా డబ్బు కట్టినవాళ్లకే ఆ ముసుగు వేయాలట. ఈ కబురు విని దేశంలో అందరికన్నా ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నవాడు అశోక్ కుమార్.

అశోక్ కుమార్ పేరు తెలియని వకీలు ఉండడు. చూసిన వకీలూ ఉండడు. ప్రతివాది ఎవరో తేలనప్పుడు దావా కాగితంలో రాసుకునే పేరది. ఈ కేసు పేరే ‘డాబర్ ఇండియా వర్సెస్ అశోక్ కుమార్’. డాబర్ డిస్ట్రిబ్యూటర్‌షిప్ ఇప్పిస్తానని సైటు పెట్టి డబ్బు గుంజింది ఆయనే. అమూల్ ఫ్రాంచైజీ అంటూ డిపాజిట్లు కట్టించుకున్నదీ ఆయనే. సినిమా రిలీజుకు ముందు నిర్మాతలు పైరసీ మీద ఆర్డరు తెచ్చుకునేదీ ఆయన మీదే. ఇన్ని రంగాల్లో కాలుపెట్టిన పారిశ్రామికవేత్త టాటాల్లోనూ లేడు, అంబానీల్లోనూ లేడు. పద్మశ్రీకి సిఫారసు చేద్దామంటే చిరునామా దొరకదు.

దొరక్కేం! రిజిస్ట్రేషన్ రికార్డు తెరిస్తే చాలు. పేరుకెదురుగా ‘రిజిస్ట్రేషన్ ప్రైవేట్’, సంస్థకెదురుగా ‘డొమైన్స్ బై ప్రాక్సీ’, రాష్ట్రం అరిజోనా. ఇంకో దుకాణంలో కొంటే ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్. అంటే కుమార్ గారు చలికాలం అమెరికా ఎడారిలో, వేసవి ఐస్‌లాండ్ మంచులో గడుపుతారన్నమాట. అవే చిరునామాల్లో నిజాయితీపరులూ గంపెడుమంది కాపురముంటారు. వాళ్ల సంగతి తర్వాత.

పొలాన్ని బావమరిది పేర రాయిస్తే బినామీ అంటాం, దానికి 1988 నుంచి చట్టం ఉంది. డొమైన్ ప్రాక్సీ సర్వీసూ అచ్చంగా అదే పని. రికార్డులో యజమాని ఆ సర్వీసు కంపెనీ. డబ్బు కట్టినవాడికి దక్కేది వాడుకునే హక్కు. ఇక్కడ చట్టంతో పనిలేదు, కొనేటప్పుడు గడిలో టిక్కు పెడితే సరి.

ఇప్పుడు ఆ టిక్కు ఎవరు పెడతారు? పచ్చళ్ల సైటు పెట్టుకుంటున్న ఇల్లాలు నాలుగు వందలు మిగులుతాయి కదా అని గడి ఖాళీగా వదిలేస్తుంది. మర్నాడు పొద్దున్నుంచి ఫోన్ మోత: ‘మేడమ్, మీ సైటుని గూగుల్లో ఫస్టు పేజీకి తెస్తాం.’ రాత్రిపూట వచ్చే ఫోన్లు వేరే రకం. కుమార్ గారికి అలాంటి కక్కుర్తి లేదు. ఎంతయినా కడతారు, కార్డు తనది కాదు గనుక. మరి కేవైసీ అడిగితే? ఆధార్ కూడా తనది కాదు. పైగా ముసుగుకు అనుమతే లేని ‘.ఇన్’ పేర్ల మధ్యే ఆయన ఇన్నేళ్లుగా దర్జాగా తిరుగుతున్నారు.

సరైన కారణం చూపి అడిగితే 72 గంటల్లో వివరాలు ఇచ్చి తీరాలని కూడా కోర్టు చెప్పింది. మంచిదే. ఆ మూడు రోజుల్లో కుమార్ గారు ఇంకో అడ్డగీత కొనుక్కుంటారు. 2023లో టీటీడీ పట్టుకున్న నకిలీ సైటు గుర్తుందిగా? అసలు పేరులో ‘తిరుపతిబాలాజీ’ తర్వాత, ‘ఏపీ’ తర్వాత చుక్కలుంటాయి. నకిలీవాడు ఆ చుక్కల్ని చెరిపి అడ్డగీతలు పెట్టి, చివర ‘.ఆర్గ్’ తగిలించాడు. అది అప్పటికి 41వది. శ్రీవారికే దిక్కులేదు.

కోర్టు కోపంలో న్యాయముంది. కానీ ముసుగు వేసుకున్నవాడి వెంటపడుతున్నామే గానీ, అమ్మినవాడికి లైసెన్సు ఉందా అని అడుగుతున్నదెవరు?

లేదు. ప్రపంచంలో ఏ ఒక్కడికీ లేదు. డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ 2013లో రిజిస్ట్రార్లతో ఒప్పందం రాసుకుంటూ, ముసుగు దుకాణాలకు గుర్తింపు పద్ధతి త్వరలో వస్తుందని, అందాకా సర్దుకోండని ఒక తాత్కాలిక నిబంధన పెట్టింది. గడువు 2017 జనవరి 1. దాన్ని పొడిగిస్తూ వచ్చారు. అదైనా రిజిస్ట్రార్లకు అనుబంధంగా ఉన్న దుకాణాలకే, బయటివాళ్లు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఈలోగా కమిటీ కూర్చుంది. వ్యాపార సైట్లకు ముసుగే వద్దని 2015లో కొందరు పట్టుబడితే, అభ్యంతరాలు పదివేలు దాటి వచ్చిపడ్డాయి. వాళ్లు కంగారుపడింది ఊరికే కాదు. వదిలేసి వచ్చిన మొగుడు వెతుక్కుంటూ వస్తాడని భయపడే ఆడమనిషికి, ఇసుక మాఫియా మీద రాసే విలేఖరికి ఆ ముసుగే తలుపు గడియ. ఆ ప్రతిపాదన పోయింది. 2016 ఆగస్టులో ఐకాన్ బోర్డు మిగతా సిఫారసులన్నిటికీ ఆమోదముద్ర వేసింది. తర్వాత యూరప్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ వచ్చిందని అమలు పక్కన పడేశారు. 2024లో దుమ్ము దులిపి మళ్లీ కూర్చున్నారు.

ఆ సిఫారసులు అడిగిందేమిటి? కొనేవాడి వివరాలు సరిచూసుకో. వచ్చిన ఫిర్యాదు అతనికి చేరవెయ్యి. మోసం జరిగిందంటే మాట్లాడటానికి ఒకణ్ణి పెట్టు. ఇంతే! ఈ మాత్రానికి పన్నెండేళ్లు. ముసుగు అమ్ముకోవడానికి మాత్రం ఏ కమిటీ కోసమూ ఎవడూ ఒక్క పూట ఆగలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ట్రేడ్‌మార్కు సొంతదార్లు వివరాలు ఎలా అడగాలో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో విడిగా అనుబంధం కట్టి మరీ రాసుకున్న ఆ కమిటీ, పోలీసులు అడిగితే ఏం చేయాలో అంత వివరంగా రాయలేదు.

డాబర్‌కు వకీళ్లున్నారు. 2022 నుంచి ఢిల్లీలో కొట్లాడే స్తోమత ఉంది. డిస్ట్రిబ్యూటర్‌షిప్ వస్తుందని పెళ్లాం గాజులు కుదువపెట్టి డిపాజిట్ కట్టినవాడు ఏ అనుబంధం కింద, ఎవడికి అర్జీ పెట్టుకోవాలి? అతని ఫిర్యాదు అందుకోవాల్సిన మనిషిని పెట్టమన్న సిఫారసు 2016లోనే ఆమోదం పొందింది. అమలు తేదీ ఇంకా ప్రకటించలేదు.