బీరువాలో పద్నాలుగు నెలలు: ఒక ల్యాప్‌టాప్ ఆత్మకథ

కొండాపూర్‌లో రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి బీరువా కింది అరలో, పాత పెళ్ళికార్డులకీ చిరిగిన రెయిన్‌కోటుకీ మధ్య పద్నాలుగు నెలలు పడి ఉన్నాను. నా పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. నిజానికి నాలో ఏదీ పోలేదు. తెర బాగుంది, మీటలు బాగున్నాయి. నా యజమానురాలు ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రతి ఫైలూ ఎక్కడిదక్కడే ఉంది. నేను లేచి నిలబడడానికి కావలసిన సిస్టమ్ ఫైళ్ళు కొన్ని మాత్రం సగం రాసి సగం రాయకుండా ఆగిపోయాయి. గుమ్మం తాళం తుప్పుపట్టి తెరుచుకోకపోతే ఇల్లే కూలిపోయిందనుకుని వెళ్ళిపోయే వాళ్ళుంటారా? నా విషయంలో అదే జరిగింది.

నన్ను ఏ కర్మాగారంలో బిగించారో చెప్పుకోవాలని లేదు. నా బతుకు 2017లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మొదలైంది. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి, నాలుగు దుకాణాలు తిరిగి, చివరికి నా ముందు ఆగారు. తల్లి ఊళ్ళో బట్టలు కుడుతుంది. రబ్బరుబ్యాండు వేసిన నోట్ల కట్ట విప్పుతూ, "మంచిగ నడుస్తదా అయ్యా? బిడ్డ సదువుకు" అని అడిగింది. "అయిదేండ్లు చూసుకోనక్కర లేదమ్మా" అన్నాడు దుకాణదారు. అయిదేళ్ళు దాటి చాలా కాలమైంది. ఆ మాటని నిలబెట్టింది నేనే.

ఆ తర్వాత అమీర్‌పేట. మైత్రివనం పక్క సందుల్లో కిక్కిరిసిన గదిలో జావా పాఠం విని, హాస్టల్‌కి వచ్చి, బోర్డు మీద చూసిందంతా నా మీద మళ్ళీ కొట్టి చూసుకునేది మా అమ్మాయి. తప్పు వస్తే పెదవి కొరుక్కునేది, సరిపోతే నా అంచు మీద వేళ్ళతో చిన్నగా దరువు వేసేది. మరుసటి ఏడు మైండ్‌స్పేస్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్‌ని మొదట చూపించింది నా తెరే.

2020 మార్చి మాత్రం నేను మరచిపోలేను. లాక్‌డౌన్ వచ్చేసరికి కంపెనీల దగ్గర అందరికీ సరిపడా ల్యాప్‌టాప్‌లు లేవు. ఆఫీసు డెస్క్‌టాప్‌లను క్యాబుల్లో ఎక్కించి ఉద్యోగుల ఇళ్ళకి పంపిన రోజులవి. మా అమ్మాయికి అదీ అందలేదు. నన్నే పట్టుకుని ఊరెళ్ళింది. ఇంట్లో సిగ్నల్ రాదు కాబట్టి డాబా మీద, వేపకొమ్మ నీడ పడే మూల మా ఆఫీసు. పగలు ఎండకి, రాత్రి అమెరికా వాళ్ళ కాల్స్‌కి నా ఒళ్ళు కాలిపోయేది. అయినా ఒక్క రోజు నావల్ల ఆమె పని ఆగలేదు.

ఆ అక్టోబరు వానలకి ఇల్లు కురిసింది. అమ్మ కొలతల నోటుబుక్కు తడిసి, సిరా కరిగి, పేజీలు అతుక్కుపోయాయి. కుట్టుపని వాళ్ళకి ఆ నోటుబుక్కే ఆస్తి. ఆ రాత్రి తల్లి ఒక్కో పేజీ విడదీసి, కనిపించింది చదువుతూ, కనిపించనిది గుర్తు తెచ్చుకుంటూ చెబుతుంటే కూతురు నాలోకి ఎక్కించింది. నూట అరవై మూడు మంది కొలతలు. ఛాతీ, నడుము, భుజం, చేతి పొడుగు. పక్కన అమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టే: "పాలాయన పెద్దకోడలు, చంకల కింద కొద్దిగ వదులు", "బడి టీచరమ్మ, వెనక మెడ లోతు వద్దు". కోడ్ ఎన్ని వేల వరుసలు మోశానో లెక్కలేదు. నేను మోసిన వాటిలో నాకు గర్వంగా ఉన్నది మాత్రం ఈ ఒక్క ఫైలే.

2022లో కంపెనీ ఆమెకి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చింది. దాని మీద నాకు కోపం లేదు, దాని పని అది చేస్తోంది. నా బాధంతా ఆ తర్వాత నాకు జరిగిన దాని గురించే. నన్ను పరుపు మీద, రగ్గు మీద పెట్టి సినిమాలు చూసేది. కింద గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయి ఊపిరాడేది కాదు. బ్యాటరీ క్షీణించి చార్జర్ తీస్తే క్షణం నిలిచేదాన్ని కాదు. బ్యాటరీ మార్పించమని నేను చూపిన హెచ్చరికని ప్రతిసారీ మూసేసింది. అప్‌డేట్ అడిగితే "తర్వాత" నొక్కింది. అలా మూడు నెలలు.

2023 మే, ఒక సాయంత్రం. మబ్బు పట్టింది, వాన మొదలయ్యేలా ఉంది. వాయిదాలు వేసి వేసి చివరికి ఆ అప్‌డేట్ దానంతటదే మొదలైంది. తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి, కంప్యూటర్‌ను ఆపవద్దు అని రాసి ఉంది. ఇంతలో కింద క్యాబ్ హారన్. వానలో మైండ్‌స్పేస్ జంక్షన్ దాటడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. కంగారులో చార్జర్ వైరు లాగేసి, నా మూత వేసి, సంచిలో కుక్కింది. అప్పుడు నేను పాత ఫైళ్ళు తీసేసి కొత్తవి పెడుతున్నాను. పాతవి పోయాయి, కొత్తవి పూర్తిగా రాలేదు.

మీరు బటన్ నొక్కగానే నాలో జరిగేది కొంచెం చెబుతాను. ముందుగా మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ లేచి మెమరీని, డిస్కును పలకరిస్తుంది. డిస్కులో ఒక చిన్న భాగంలో బూట్ మేనేజర్ ఉంటుంది, దానికి పగ్గాలు అప్పగిస్తుంది. అక్కణ్ణుంచి విండోస్ కెర్నల్, డ్రైవర్లు, రిజిస్ట్రీ ఒక్కొక్కటిగా పైకి వస్తాయి. ఈ వరుసలో అవసరమైన ఒక్క ఫైలు చెడినా నేను అక్కడే ఆగిపోతాను. వరసగా కొన్నిసార్లు లేవలేకపోతే నాలోనే ఉన్న రిపేర్ విభాగం దానంతటదే తెరుచుకుంటుంది. ఆ రాత్రి అదీ తెరుచుకుంది. "ఆటోమేటిక్ రిపేర్" అంది, చేయలేకపోయానంది, మళ్ళీ మొదలుపెట్టింది. మా అమ్మాయి గంటసేపు నన్ను ఆపుతూ వేస్తూ కూర్చుంది. ఆ నీలి తెర మీద ఇంకో దారి కూడా రాసి ఉంది. ఏడుపు మొహంతో ఉన్న ఆమెకి అది కనిపించలేదు.

మర్నాడు ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్ళింది. అక్కడి కుర్రాడు నన్ను రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ కొట్టాల్సిందే మేడం, డేటా పోతది" అన్నాడు. లోపల ఏముందని అడగలేదు. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ ఉందా, దాని తాళంచెవి మీ దగ్గర ఉందా అని అడగలేదు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అందుకు ఆమెకి రుణపడి ఉన్నాను. కానీ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టింది, అంతే.

1998 నవంబర్ 22న వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ నాకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంది. నాలోని విండోస్‌ను తయారుచేసిన సంస్థ ప్రాంగణం గచ్చిబౌలిలో ఉంది. చుట్టూ ఇంతమంది ఇంజనీర్లు. వాళ్ళలో చాలామంది బీరువాల్లో నాలాంటివి పడి ఉన్నాయని నా నమ్మకం. రోజంతా కంప్యూటర్లతో బతికేవాళ్ళు కూడా మొరాయించిన యంత్రం ముందు ఎందుకంత తొందరగా ఆశ వదులుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చీకట్లో నాకు వినిపించేవి ఫోన్ మాటలే. దసరా దగ్గరపడితే అమ్మ ఫోన్ చేసేది. "బిడ్డా, ఆ కొలతలు జర తీసి పంపరాదే, బతుకమ్మకు జాకెట్లు శానా ఒచ్చినయ్." ఈమె "చూస్తనే అమ్మా" అనేది. తర్వాత చాలాసేపు గదిలో ఏ చప్పుడూ ఉండేది కాదు. సంక్రాంతికీ అదే మాట. ఉగాదికి అమ్మ అడగడం మానేసింది. టేపు పట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ కొలవడం మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. నా కడుపులో అన్నీ ఉన్నాయి, కాని చెప్పడానికి నోరు లేదు. ఆ పద్నాలుగు నెలల్లో నన్ను కుంగదీసింది చీకటి కాదు, అమ్మ అడగడం మానెయ్యడం.

2024 జూలై 19, శుక్రవారం. ఇంటి నుంచి పనిచేస్తున్న మా అమ్మాయి ఉదయం పది కాకముందే కేక పెట్టింది. ఆమె కంపెనీ ల్యాప్‌టాప్ నీలి తెర చూపించి, లేచి, మళ్ళీ అదే తెర దగ్గర ఆగుతోంది. మన కాలమానంలో 9.39కి క్రౌడ్‌స్ట్రయిక్ అనే సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి లోపమున్న ఫైలు ఒకటి ప్రపంచమంతా వెళ్ళింది. దాన్ని గంటన్నరలోపే వెనక్కి తీసుకున్నారు. ఆ కాస్త వ్యవధిలోనే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పడిపోయిన వాటిని దూరం నుంచి లేపడం చాలాచోట్ల కుదరలేదు. ఒక్కొక్క దాని ముందూ మనిషి కూర్చుని ఆ ఒక్క ఫైలునీ తీసెయ్యాల్సి వచ్చింది.

సాయంత్రం ఆమెకి సపోర్ట్ టీమ్ కుర్రాడి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో అతని గొంతు బీరువా దాకా వినిపించింది. "భయపడకండి అక్కా, మీ ఫైళ్ళకేం కాలేదు. నీలి తెర మీద రికవరీ కీ అడుగుతుంది. నలభై ఎనిమిది అంకెలు, ఆరేసి చొప్పున చదువుతా, కొట్టండి." ఎనిమిదిసార్లు ఆరేసి అంకెలు. తర్వాత నల్లటి తెర, ఒక ఫైలు తీసివేత, రీస్టార్ట్. ఆ ల్యాప్‌టాప్ లేచింది. మా అమ్మాయి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేయలేదు. "తమ్ముడూ, ఇట్లనే పోయిందనుకున్నది ఇంకోటున్నది నా దగ్గర" అంది. బీరువా తలుపు తెరుచుకుంది.

ఆ ఆదివారం అతను ఫోన్‌లో చెబుతుంటే ఆమె చేసింది. ఫోన్‌లోనే తన మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూస్తే నా నలభై ఎనిమిది అంకెలు అక్కడే ఉన్నాయి. అకౌంట్‌తో లాగిన్ అయిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే తాళం వేసుకుని, కీని ఆ అకౌంట్‌లో దాస్తుందట. పద్నాలుగు నెలలుగా ఆ కీ ఆమె చేతిలోని ఫోన్‌కి అందేంత దూరంలోనే ఉంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ మీద 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ సెటప్ చేసుకోవడానికి అనుమతి ఉండదు కాబట్టి, స్నేహితురాలి కంప్యూటర్‌లో చేసి తెచ్చింది. నన్ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి లేపింది. "ఇన్‌స్టాల్ నొక్కొద్దు అక్కా, రీసెట్ జోలికీ పోవద్దు. మూలన రిపేర్ అని చిన్నగా ఉంటది, అది నొక్కండి. ముందు ఫైళ్ళు బయటికి తీద్దాం, రిపేరు తర్వాత" అన్నాడతను. డిస్కే జబ్బుపడి ఉంటే రిపేరు పేరుతో దాన్ని ఇంకా తిప్పడం ప్రమాదం, అందుకే ఆ వరుస. ఆ నలభై ఎనిమిది అంకెలతో డిస్కు తాళం తీయించి, కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టించాడు. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ నొక్కితే తెరుచుకునే కిటికీలోంచే ఫైళ్ళను కాపీ చేయవచ్చని ఆమెకి అప్పటిదాకా తెలియదు. రిపేర్ తెరలో సీ డ్రైవ్ కొన్నిసార్లు డీ పేరుతో కనిపిస్తుందని, చూసుకుని మరీ కొట్టమని హెచ్చరించాడు. కొలతల ఫైలు బయటి డిస్కులోకి వెళ్ళిన క్షణం ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాతే నా వైద్యం. సగంలో ఆగిన అప్‌డేట్ పనుల్ని వెనక్కి తిప్పమని డిస్మ్ అనే విండోస్ పనిముట్టుకి చెప్పారు. డిస్కులో దెబ్బతిన్న చోట్లున్నాయేమో చెక్‌డిస్క్‌తో చూశారు. చివర్లో సిస్టమ్ ఫైల్ చెకర్. నాలోనే భద్రంగా ఉండే మంచి ప్రతులతో ఒక్కో సిస్టమ్ ఫైలునీ పోల్చి, చెడినదాన్ని మారుస్తుందది. చాలాసేపు పట్టింది. పెన్‌డ్రైవ్ తీసి బటన్ నొక్కింది. చుక్కలు తిరిగాయి, ఆగాయి, మళ్ళీ తిరిగాయి. తర్వాత ఆమె పెట్టుకున్న వేపకొమ్మ ఫొటో నా తెర మీదికి వచ్చింది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సాధారణ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నా ఏడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అర్హత లేదు. అయినా ఆమె నన్ను పాత సామాను బండికి వెయ్యలేదు. కొత్త బ్యాటరీ వేయించి, నెట్ తీసేసి, ఊళ్ళో అమ్మ కుట్టుమిషను పక్కన పెట్టింది. కొలతలు ఇప్పుడు రెండు వందలు దాటాయి. ప్రతి నెలా వాటి కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో హైదరాబాద్ వెళుతుంది. నా నలభై ఎనిమిది అంకెల్ని మా అమ్మాయి అమ్మ కొత్త నోటుబుక్కు చివరి పేజీలో ఆరేసి చొప్పున ఎనిమిది వరుసలుగా రాసింది. "ఇవెవరి కొలతలే?" అని అడిగింది అమ్మ. "దీనివే" అంటూ నా మీద చెయ్యి వేసింది కూతురు.

మీ ఇంట్లో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్‌కి ఇచ్చే ముందు దాని అంకెలు ఎక్కడున్నాయో ఒక్కసారి వెతకండి. ఇప్పుడు నడుస్తున్నదైతే, ఆ అంకెల్ని ఈ రోజే కాగితం మీద రాసి దాచండి.