భాయా? బాయా?

(కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లెక్సీ దుకాణం. మూలన మిషన్ గర్రుగర్రుమంటూ ఎవరిదో పుట్టినరోజును బయటికి కక్కుతోంది. కంప్యూటర్ ముందు ఫ్లెక్సీ అన్న. పక్క స్టూలు మీద డైరెక్టర్: డిగ్రీ మూడో సంవత్సరం, రెండు సబ్జెక్టులు బాకీ. వెనక నిలబడి లెక్చరర్ సారు. గోడకానుకొని, మనవడి కోసం బెల్లంపల్లిలో బస్సెక్కి వచ్చిన తాత, సింగరేణి రిటైరు. సినిమాలో డాన్ ఆయనే. ఒళ్లో పిల్లి.)

డైరెక్టర్: అన్నా, తాత మొఖం పెద్దగ రావాలె. కండ్లు మాత్రం కనవడొద్దు. కింద 'భాయి' అని ఎర్రటక్షరాలు, నెత్తురు కారుతున్నట్టు.

తాత: ఏ బాయి రా? శాంతిఖనా?

డైరెక్టర్: బాయి గాదు తాతా, భాయి. బొంబాయిల, దుబాయిల ఉంటరు సూడు.

తాత: అట్ల జెప్పు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మన దిక్కోళ్ల బతుకులు ఆ మూడిట్లనే తెల్లారినయి గదరా. మీ చిన్నతాత ముప్పై ఏండ్లు బొంబాయిల తాపీపని జేసిండు. అంతెత్తు గోడల మీద నిలవడ్డడు గని, ఆయనకు ఏ భాయీ కనవడలే.

లెక్చరర్: కండ్లు ఎందుకు కనపడొద్దు నాయనా?

డైరెక్టర్: గాడ్‌ఫాదర్‌ల గట్లనే ఉంటది గద సార్. మీరే జెప్పిన్రు.

లెక్చరర్: 1972లో కెమెరామన్ గోర్డన్ విల్లిస్ లైట్లు నెత్తి మీదికి కట్టించి మార్లన్ బ్రాండో కళ్లను నీడలోకి నెట్టాడని చెప్పాను. ఎందుకు నెట్టాడో కూడా చెప్పాను. అప్పటికి నువ్వు క్యాంటీన్‌లో ఉన్నావు. ఆ మనిషి మనసులో ఏముందో మనకు అందకూడదని.

డైరెక్టర్: మా తాత మనసుల ఏమున్నదో నాకు గూడ తెల్వది సార్.

తాత: చాయ ఉన్నది. పొద్దటి సంది పోయిచ్చినోడు లేడు.

డైరెక్టర్: పిల్లిని వదలకు తాతా! అదే హైలైట్.

లెక్చరర్: ఆ సినిమాలో పిల్లి స్క్రిప్టులోనే లేదు. స్టూడియోలో తిరుగుతుంటే కొప్పోలా పట్టుకొచ్చి బ్రాండో చేతుల్లో పెట్టాడు. దాని గురగురలకు ఆయన మాటలు వినపడక సౌండువాళ్లు తల పట్టుకున్నారట.

తాత: ఇది గూడ స్క్రిప్టుల లేదు సారూ. ముంగట హోటలోనిది. ఎలుకల కోసం పెట్టుకున్నడు, ఏడింటికి వాపసియ్యాలె. (పిల్లిని సర్దుకొని) చీకటంటే గిట్లుండదు బిడ్డా. బాయిల దిగినంక నెత్తిమీది లైటే దిక్కు. నేను నీ దిక్కు సూస్తే నీ మొఖం నాకు కనవడ్తది, నా మొఖం నీకు కనవడది. లైటు కండ్లల్ల కొడ్తది. వచ్చేటోడు సర్దారా, దోస్తా, ఎట్ల తెల్వాలె? దగ్గుతడు. దగ్గును బట్టి పేరు జెప్పేటోళ్లం.

లెక్చరర్: (కాసేపాగి) ఇది రాసుకున్నావా?

డైరెక్టర్: దగ్గుల మాస్ ఉండది సార్.

ఫ్లెక్సీ అన్న: తమ్మీ, వెనక మంట పెట్టాల్నా?

డైరెక్టర్: మంట, నిప్పురవ్వలు, సింహం.

ఫ్లెక్సీ అన్న: సింహం తయారుగనే ఉన్నది. పొద్దుగాల వార్డు లీడర్ బర్త్‌డేకు పెట్టిన. నిన్న ఇంగ్లీషు మీడియం అడ్మిషన్లకు గూడ అదే. మొఖాలు మారుస్త గని సింహాన్ని ముట్ట.

లెక్చరర్: మరి బండ్లు?

డైరెక్టర్: సుమోలు గావాలె సార్, వరుసగ ఆరు. ఒక్కటి దొరకలే.

లెక్చరర్: ఎలా దొరుకుతాయి? టాటావాళ్లు 2019లోనే తయారీ ఆపేశారు. ఆది సినిమాలో సుమోలు గాల్లోకి లేచింది 2002లో. అప్పటికి నువ్వు పుట్టావా?

డైరెక్టర్: అందుకే రెండు ట్రాలీ ఆటోలు పెట్టినం. స్లో మోషన్‌ల దుమ్ము లేపినం. దుమ్ముల ఏదైనా సుమోనే సార్.

తాత: ఒకదాంట్ల ఉల్లిగడ్డలున్నయి. నేను దిగంగనే నా ఎన్క నాలుగు దొర్లినయి.

డైరెక్టర్: చైన్ సీన్ గూడ ఉన్నది. 1989 శివకు ట్రిబ్యూట్.

లెక్చరర్: నాగార్జున చేత్తో గుంజితే సైకిల్ చైను ఊడొచ్చింది. మీకు ఊడిందా?

డైరెక్టర్: మూడు గంటలు గుంజినం సార్. లాస్టుకు పంచర్ షాపాయన వచ్చి లింకు తీసిచ్చిండు. అప్పటికి హీరో అంగి నిండ గ్రీజు. అంగేమో కిరాయిది.

లెక్చరర్: ఆ పంచర్ షాపాయన షాట్‌లో ఉన్నాడా?

డైరెక్టర్: బ్లర్ జేసినం.

లెక్చరర్: అక్కడే పోయింది నీ సినిమా. సరే, డాన్ ఎలా పడిపోతాడు? 1931లో లిటిల్ సీజర్, పబ్లిక్ ఎనిమీ, మరుసటేడు స్కార్‌ఫేస్. మూడింటిలో ఒకటే గీత, పైకెక్కడం, కిందపడి చావడం. అది కూడా చాలక స్కార్‌ఫేస్ పేరు పక్కన 'జాతికి సిగ్గు' అని తగిలించేదాకా అక్కడి సెన్సారు వదల్లేదు.

డైరెక్టర్: మాదాంట్ల పడుడు లేదు సార్. పార్ట్ టూ ఉన్నది.

లెక్చరర్: పార్ట్ వన్ అయిందా?

డైరెక్టర్: ట్రైలర్ అయింది.

లెక్చరర్: సినిమా?

డైరెక్టర్: ట్రైలర్‌కు వ్యూస్ వస్తే జూద్దమని... పోస్టర్ల మాత్రం ఐదు భాషలు రాసినం. తాతా, ఆ వార్నింగ్ డైలాగ్ మళ్లొకసారి. సీమ యాసల.

తాత: (కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకొని) "నేను వచ్చినానంటే ఊరు ఖాళీ అయితాది..." ఇదేం మాటరా? కడపోళ్లు వింటే చెప్పు తీస్తరు.

డైరెక్టర్: డాన్ అంటే సీమ యాసనే తాతా.

లెక్చరర్: వింతగా లేదూ? 1985లో ప్రతిఘటన వచ్చింది. కోట శ్రీనివాసరావు కాశయ్య వేషం. ఆ దుర్మార్గుడికి పెట్టింది తెలంగాణ మాట. ఆయన అద్భుతంగా చేశాడు, అందులో తప్పు పట్టను. కానీ ఆ తరవాత ఏళ్ల తరబడి తెర మీద ఈ మాట ఎవరి నోట్లోంచి వచ్చినా రౌడీయో, నవ్వించేవాడో అయ్యాడు. మా తరం హాల్లో కూర్చొని, పక్కవాళ్లు నవ్వుతుంటే మనం కూడా నవ్వాలా వద్దా అని చూసుకునేవాళ్లం. 2023కు వస్తే బలగం, దసరా ఒకే నెలలో వచ్చాయి, రెండింటిలో హీరోలే ఈ మాట మాట్లాడారు. పక్కనే లంబాడిపల్లిలో మై విలేజ్ షో పిల్లలు గంగవ్వను గంగవ్వలాగే మాట్లాడనిచ్చారు. అప్పుడు మన యాసను మనల్ని అడక్కుండా రౌడీలకిచ్చారు. ఇప్పుడు రౌడీ మనవాడే, నువ్వేమో యాసను కిరాయికి తెచ్చావు, ఆ అంగితో పాటు.

డైరెక్టర్: మన యాస సెంటిమెంటుకు బాగుంటది సార్. వార్నింగ్‌కు బలం సాలది.

తాత: సాలదా? మీ అమ్మమ్మకు ఫోన్ గొట్టు. పెరుగు కింద పోసినవని జెప్పు.

(ఫ్లెక్సీ అన్న మౌసు వదిలి నవ్వుతాడు. ద్వారం దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో కవరు, కవర్లో చిట్టీ పుస్తకం.)

వచ్చినాయన: అన్నా, బస్టాండు కాడ నిన్న కట్టిన ఫ్లెక్సీల ఒక పెద్దమనిషున్నడు గద, సింహం పక్కన. కింద మీ దుకాణం నంబరున్నది.

ఫ్లెక్సీ అన్న: అది ఫస్ట్ లుక్ అన్నా. సిన్మాది.

(ఆయన ఆ మాట వినలేదు. గోడ దగ్గర తాత కనపడ్డాడు. చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు.)

వచ్చినాయన: చిట్టీ పాడుకున్న పెద్దయ్యా. ఏడాదాయె, ఇయ్యాల రేపని తిప్పుతున్నడు. స్టేషన్‌కు పోతే ఇది సివిల్ కేసన్నరు. ఎండకాలంల బిడ్డ పెండ్లున్నది. నువ్వొక్క మాటంటే...

లెక్చరర్: (డైరెక్టర్ చెవిలో) గాడ్‌ఫాదర్ మొదలయ్యేదే ఇలా. ఒక తండ్రి వచ్చి, కూతురి కోసం న్యాయం అడుగుతాడు.

తాత: (పిల్లిని కిందికి దించి) కూసో బిడ్డా. ఏ నెలల పాడినవు? జామీను ఎవరున్నరు? పుస్తకం తియ్యి. యూనియన్ల ఉన్నప్పుడు గిసొంటియి శాన సూసిన. (దగ్గుతాడు.)

డైరెక్టర్: ఫోన్! అన్నా, నా ఫోనేది? కెమెరా ఆన్ జేయాలె!

ఫ్లెక్సీ అన్న: ముట్టకు తమ్మీ. ట్రైలర్ ఎక్కుతున్నది. తొంభై రెండు శాతం అయింది.

తాత: ముందుగాల ఈయనకు చాయ జెప్పున్రి.