దీపంగూట్లో ఇంటర్నెట్టు

కోయిలకుంట్లలో నెట్టు ఎందుకు నత్తనడక నడుస్తుందో తెలియని మనిషి లేడు. కాకపోతే ఏ ఇద్దరి మాటా కలవదు. బస్టాండు దగ్గర టీ తాగే పెద్దాయన ఒకరు, అంతా రైలు చేసిన పని అంటారు. నంద్యాల–ఎర్రగుంట్ల లైన్లో బండ్లు తిరగడం మొదలైన కాడి నుంచి గాలి చెదిరిపోయి సిగ్నలు నిలబడటం లేదట. మాకు రైలూ, దేశానికి జియో ఒకే ఏడు, 2016లో వచ్చాయి కనుక ఆయన మాట కొట్టిపారేయడానికి టీకొట్టు దగ్గర ఎవరికీ నోరు రాలేదు.

మా వీధిలో రెవెన్యూలో చేసి రిటైరైన పెదనాయనది ఇంకో అనుమానం: కొలతలో మోసం. వంద ఎంబీపీఎస్ అని డబ్బులు కట్టించుకున్నారు, సినిమా దించుకుంటే కంప్యూటరు పన్నెండే చూపిస్తాంది. అమ్మేవాడు బిట్లలో చెప్తాడు పెదనాయనా, కంప్యూటరు బైట్లలో చూపిస్తుంది, ఎనిమిది బిట్లయితే ఒక బైటు, వందను ఎనిమిదితో భాగించు, పన్నెండున్నరే వస్తుంది అని విడమరిచి చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "అంటే బేరం సెంట్లలో, రిజిస్ట్రేషను ఎకరాల్లోనా?" అన్నాడు. అనుమానం తీరకపోగా దానికి ఆధారం కూడా దొరికింది.

మా ఇంట్లో ఆ పన్నెండుకు కూడా నోచుకోలేదు. మా చెల్లెలి కొడుకు బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని లాప్‌టాప్‌తో సహా మోసుకొచ్చి మా నడవలో పెట్టిన తర్వాత గానీ ఆ సంగతి బయటపడలేదు. మీటింగు మొదలయ్యేది, వాడి మేనేజరు నోరు తెరిచేవాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేది. గుండ్రం తిరిగేది. "మామా, ఈ ఊర్లో మనుషులెట్లా బతుకుతాండారు?" అనేవాడు వాడు, బెంగళూరులో మంచినీళ్ల ట్యాంకరు కోసం నిలబడిన రోజులు మర్చిపోయి.

వంటింట్లో స్పీడు చూస్తే రెండుకు కాస్త పైన వచ్చింది. దిగులు పడబోతుంటే వాడే ఇంకో సంగతి చెప్పాడు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే ఎంత వేగం ఉండాలో సర్కారు ఒక లెక్క పెట్టింది. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే చాలన్నారు, 2013లో 512 చేశారు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఆ లెక్కన మా వంటిల్లు చట్టబద్ధంగా బ్రాడ్‌బ్యాండ్ కిందికే వస్తుంది. ఫిర్యాదు చేయడానికి కూడా వీల్లేదు.

అయినా వరసగా ఫిర్యాదులు చేశాం. ఫోనెత్తిన అమ్మాయి ప్రతిసారీ బాక్సు ఒకసారి ఆపి వేయమంది. ఆపి వేశాం. ఒకసారి ఆపడానికి మా అవసరం కూడా లేకపోయింది, కరెంటోళ్లే ఆపారు. చివరికి సొప్ప ట్రాక్టరొకటి మా పాలిట దేవుడైంది. జొన్నసొప్ప మిద్దె ఎత్తున వేసుకుని మలుపు తిరుగుతూ స్తంభం మీది తీగను తెంపుకుని పోయింది. తీగ తెగితే తప్ప మనిషి రాడు కదా!

ఈ తీగలు నేలలో ఎందుకు పూడ్చరని అడిగేవాళ్లున్నారు. నల్లరేగడిని తవ్వి చూస్తే తెలుస్తుంది, వానాకాలం ఒక కష్టం, ఎండాకాలం ఇంకో కష్టం. రాష్ట్రమంతా చుట్టిన ఏపీ ఫైబర్‌నెట్టే కరెంటు స్తంభాలెక్కింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్టూ, టీవీ, ఫోనూ అన్నారు. స్తంభాలు సిద్ధంగా ఉండబట్టే ఆ పని అంత చవకగా అయింది. మా ఇంటి తీగ వేరేవాళ్లది, అదీ స్తంభాల మీదిదే. చవకకు తోడుగా సొప్ప ట్రాక్టర్లూ, కోతులూ వస్తాయి.

తీగ అతికించడానికి వచ్చిన పిల్లోడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బైకు సీటు మీద చిన్న మిషను పెట్టుకున్నాడు. నల్లతొడుగు ఒలిచి, దాని లోపల్నుంచి వెంట్రుకంత గాజుపోగు బయటికి తీశాడు. స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచి, కొస తెగ్గొట్టి, రెండు కొసలూ ఎదురెదురుగా మిషన్లో పెట్టి మూత వేశాడు. అద్దం మీద అవి రెండు దూలాలంత లావున కనిపించాయి. వాటంతటవే కదిలి సరిచూసుకుని మూతులు కలిపాయి, లోపల నిప్పురవ్వ, అంతే, అతుకు ఎక్కడో కూడా తెలీదు. తెగ్గొట్టిన గాజుముక్కల్ని మాత్రం పారేయకుండా టేపుకు అంటించి జేబులో వేసుకున్నాడు. "కాల్లో దిగితే కనపడదు సార్, ఇంగ తిప్పలే" అన్నాడు.

తర్వాత కొలిచే డబ్బా పెట్టి చూశాడు. "పవరు మైనస్ పంతొమ్మిది ఉండాది సార్, బంగారం. ఇరవై ఏడు దాటితే కదా బాక్సుకు కండ్లు కనపడవు. మా లైన్లో లోపం ల్యా. బాక్సు యాడ పెట్నారు?"

బాక్సు దీపంగూట్లో ఉంది.

అది మా అమ్మ పని. కనెక్షను ఇచ్చిన రోజు ఎవరో, "ఇందులో పోయేది కరెంటు గాదవ్వా, వెలుతురు" అని చెప్పారట. వెలుతురు పెట్టే చోటు ఆ ఇంట్లో మా జేజినాయన కాలం నుంచి ఒకటే. బాక్సును గూట్లో పెట్టి, దుమ్ము పడకుండా టీవీకి కుట్టిన లేసుగుడ్డ లాంటిదే ఇంకొకటి కుట్టి కప్పి, ముందర రెండు ఇత్తడి చెంబులు కూడా పెట్టింది. శాస్త్రం ప్రకారం ఆమె మాటలో తప్పేమీ లేదు. చేర్చిన చోటే తప్పు.

ఎందుకంటే ఆ గోడ మా జేజినాయన కట్టించింది. బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల పక్క ఎక్కడ తవ్వినా నాపరాయే, రాయికి మాకు కరువు లేదు. రెండడుగుల మందం పెట్టాడు. మే నెల ఎండ ఇప్పటికీ వాకిట్లోనే ఆగుతుంది. ఎండనే ఆపిన గోడకు వైఫై ఒక లెక్కా? పాత 2.4 గిగాహెర్ట్జ్ అల పన్నెండు సెంటీమీటర్ల పొడవుంటుంది, అదే కాస్త మేలు. 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం, వేగమైతే ఎక్కువే గానీ గోడ కనిపిస్తే అక్కడే కూలబడుతుంది. గూడు మూడు పక్కలా రాయి, నాలుగో పక్క లేసుగుడ్డ, దాని ముందు ఇత్తడి.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా ఊరి ఖజానా మీద పడ్డప్పుడు దేశంలో తంతి ఇంకా లేదు. ఆ కబురు కడపలో కలెక్టరు కాక్రేన్‌కు చేరాలంటే మనిషి కాళ్లో గుర్రం కాళ్లో ఉండాల్సిందే. ఇప్పుడు గాజుపోగులో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి మూడొందల కిలోమీటర్లు దాటడానికి సెకనులో వెయ్యో వంతూ, అందులో ఇంకో సగమూ చాలు. అంత దూరం ఆ ఊపుతో వచ్చినది మా నడవ నుంచి వంటింటికి పోలేక చతికిలబడుతోంది. జేజినాయనను తలుచుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

గోడకు తూటు పెట్టడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. పిల్లోడు మిద్దెకేసి చూసి గవాక్షి కనిపెట్టాడు. బాక్సును నడవలో గవాక్షి కింద కొయ్యకు తగిలించి, అక్కడి నుంచి ల్యాన్ తీగను గవాక్షిలో పైకి లాగి, మిద్దె మీదుగా వెనక గదిలోకి దించి, అక్కడ ఇంకో చిన్న రూటరు పెట్టాడు. పక్కిళ్లవాళ్ల రూటర్లన్నీ ఆరో చానల్లో గుంపు కట్టి ఉంటే మాది పదకొండుకు మార్చాడు. గూడు ఖాళీ చేయడానికి మా అమ్మ కాసేపు బెట్టు చేసింది గానీ, "వెలుతురు గవాక్షిలోనించి కదవ్వా వచ్చేది" అని పిల్లోడు అనేసరికి మెత్తబడింది.

నడవలో తొంభై దాటింది. వంటింట్లో నలభై. పెదనాయన వచ్చి చూసి, ఎనిమిదితో భాగించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మా మేనల్లుడి మేనేజరు మొహం చెమటచుక్కతో సహా కనిపించింది. మాట కూడా ఖంగుమంది. ఇంత బాగుంటే ఇకనుంచి కెమెరా వేసుకునే కూర్చో అన్నాడు. పొద్దున తొమ్మిదికి ఒక మీటింగు, రాత్రి తొమ్మిదికి ఒకటి. "నెట్టు పోయింది సార్" అనే మాట వాడి నోట్లోంచి మాయమైంది. "ఏమ్రా, అన్నం తినవా?" అని మా అమ్మ వంటింట్లోంచి అరిచిన అరుపు బెంగళూరులో ఆఫీసంతా విన్నదట.

ఆదివారం లేచి చూస్తే బాక్సు మళ్లీ గూట్లో ఉంది. లేసుగుడ్డ కప్పి, చెంబులు ముందర పెట్టి ఉన్నాయి.

"నేను ముట్టుకోలేదు నాయనా" అంది మా అమ్మ.

మా మేనల్లుడు దుప్పటి తీయకుండానే, "ఉండనీలే మామా, పెద్దామె మనసు కష్టపెట్టడం ఎందుకు" అన్నాడు.