నెట్ సారు వేసిన కేసు

ఊరి పొలిమేర దాటాక పొలాల మధ్య వెలసిన ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఒక నెట్ సారు ఉంటాడు. జీతాల రిజిస్టరులో ఆయన హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ప్రిన్సిపాల్ నుంచి క్యాంటీన్ కుర్రాడి దాకా అందరికీ నెట్ సారే. నెట్ వస్తున్నన్నాళ్లూ అలాంటి మనిషొకడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. పోయిన మరుక్షణం ఆయన ఫోన్ నంబరు అందరి నోటికీ వచ్చేస్తుంది.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్నుకి బదులు టెస్టరు, మెడలో ఐడీ కార్డుతోపాటు లేత నీలం రంగు కన్సోల్ కేబుల్. జేబురుమాలు తీస్తే రెండు ఆర్‌జే-45 కనెక్టర్లు కింద రాలతాయి. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం అంటూ ఎనిమిది తీగల వరస నిద్రలో లేపి అడిగినా తప్పు పోడు. కేబుల్ 100 మీటర్లు దాటిందో లేదో వరండాలో నడిచి అడుగులతోనే చెప్పేస్తాడు. ఫాల్స్ సీలింగ్ ఉన్న ఏ గదిలోకి వెళ్లినా ముందు పైకే చూస్తాడు. పెళ్లిళ్లలో కూడా.

మా నెట్ సారుకి చచ్చిన నెట్‌వర్క్ స్విచ్‌తో పేచీ లేదు. లైట్లు వెలగవు, ఫ్యాను తిరగదు, ఫొటో తీసి పంపిస్తే కంపెనీ ఇంకోటి పంపుతుంది. ఆయన ప్రాణం తోడేసేది కొనఊపిరితో ఉన్న స్విచ్. మెకానికల్ బ్లాకులో మెట్ల కింద ఉన్న 48 పోర్టులది అలాంటిదే. పగలంతా బుద్ధిగా పనిచేస్తుంది. సాయంత్రం ఎప్పుడో దానంతటదే పడుకుని, ఐదు నిమిషాలకు దానంతటదే లేస్తుంది. లేచాక అన్ని లైట్లూ పచ్చగానే మిణుకుతాయి. బాయ్స్ హాస్టల్‌కి లైను దీన్లోంచే వెళ్తుంది కాబట్టి, ఐపీఎల్ టాస్ వేళకు ఇది పడుకుందంటే హాస్టల్లో పుట్టే కేక హైవే దాకా వినబడుతుంది.

మొదట ఆయన లూప్ అనుకున్నాడు. అనుకోడానికి కారణం ఉంది. కిందటేడు ఒక అటెండరు, ల్యాబులో వేలాడుతున్న ప్యాచ్ కార్డు చూడ్డానికి బాగాలేదని దాని రెండో కొస కూడా గోడ సాకెట్లోనే పెట్టేశాడు. శుభ్రత మీద మమకారం. ఈథర్నెట్ ఫ్రేముకి ఆయుర్దాయం అంటూ ఏదీ రాసిపెట్టి ఉండదు. దారి గుండ్రంగా ఉంటే తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన కొద్దీ పెరుగుతుంది, చివరికి బ్లాకంతా నిలిచిపోతుంది. దీనికి విరుగుడుగా 1985లోనే స్పానింగ్ ట్రీ కనిపెట్టిన రేడియా పెర్ల్‌మన్‌ని మా సారు 'ఆ మహాతల్లి' అనే అంటాడు. కానీ హెచ్‌ఓడీలు సొంతంగా కొనుక్కొచ్చి బల్లల కింద దాచుకునే చవక పెట్టెలకు ఆ మహాతల్లి పేరే తెలియదు. ఈసారి బల్లలన్నీ వెతికినా లూప్ లేదు. బల్లి కూడా లేదు. కేబుళ్లు మార్చినా జబ్బు మారలేదు. ఇక కంపెనీకి ఫోన్ చేశాడు.

కంపెనీ సపోర్టు వాళ్లు ముందు సీరియల్ నంబరు అడుగుతారు. తర్వాత ఏఎంసీ ఉందా అంటారు. ఉంది, కానీ రెన్యువల్ ఫైలు అకౌంట్స్ సెక్షన్లో సంతకం కోసం కూర్చుని ఉంది. అది తెమిలాక అసలు ప్రశ్న వస్తుంది: "ఒకసారి రీస్టార్ట్ చేశారా సార్?" అదే రీస్టార్ట్ అవుతోందన్నది తన ఫిర్యాదని ఈయన చెబుతాడు. అయినా ఒకసారి చెయ్యమంటారు. ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించమంటారు. లాగులు పంపమంటారు. పంపితే, అది పడుకోకముందువి కావాలంటారు. పడుకోకముందు పంపడానికి అది చెప్పి పడుకోదు కదా అని ఈయన. మొదటి తీవ్రత కేసుగా రాసుకోమంటే, "మొత్తం నెట్‌వర్క్ ఆగిపోయిందా?" అంటారు. అబద్ధం ఆడలేక "లేదండీ, ఒక బ్లాకు" అంటాడు. మూడో తీవ్రతలో పడేస్తారు. ఈలోగా అక్కడ షిఫ్టు మారుతుంది. కొత్త గొంతు వస్తుంది. "సమస్య ఏమిటో మొదట్నుంచి చెప్పగలరా?" రాత్రి రెండింటికి ఒక మెయిలు: మీ నుంచి జవాబు రానందున కేసు మూసేస్తున్నాం.

అక్కణ్ణుంచి మా సారు అచ్చం పాతకాలపు కోర్టు పక్షిలా తయారయ్యాడు. కేసు నంబరు అట్ట మీద రాసిన ఫైలు చంకలో పెట్టుకుని తిరగడం, ఎదురైనవాడికల్లా వాయిదా సంగతి చెప్పడం. స్టాఫ్ రూములో టీ తాగడానికి కూర్చుంటే పాత తీర్పులు తిరగేస్తాడు. సిస్కో 48 పోర్టుల మోడళ్లలో కొన్నిటికి మోడ్ బటన్ సరిగ్గా ఒకటో పోర్టు నెత్తినే ఉంటుంది. కొన్ని కేబుళ్ల కొసన ఉండే రబ్బరు తొడుగు దాన్ని నొక్కి పట్టేసి స్విచ్‌ని మొదటికి తెచ్చేస్తుందని ఆ కంపెనీయే నోటీసు ఇచ్చింది. గడియారం సిగ్నలిచ్చే భాగం ఒకటి సుమారు 18 నెలలు దాటాక పాడవడం మొదలవుతుందని 2017లో తనే ప్రకటించింది. "అంత పెద్దవాళ్లే ఒప్పుకున్నారు. వీళ్లకేం నామోషీ?" అంటాడు. మాకు గడియారం అర్థం కాకపోయినా అందరం తల ఊపుతాం. లేకపోతే వైఫై పాస్‌వర్డ్ మారినప్పుడు మన వంతు చివర వస్తుంది.

ఇంత బాధపడ్డ మనిషి మాకు ఫోన్లో ఏం చెబుతాడనుకున్నారు? "మీ సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేశారా మేడమ్? ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతోందే. స్క్రీన్‌షాట్ ఉందా?" నెట్టే లేనప్పుడు స్క్రీన్‌షాట్ దేంతో పంపాలో ఆయన చెప్పడు.

మూడో వాయిదాకి విజయవాడ నుంచి ఫీల్డ్ ఇంజినీరు దిగాడు. పదకొండింటికి వచ్చాడు, నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయాడు. ఆ ఐదున్నర గంటలూ స్విచ్ పెళ్లిచూపుల్లో కూర్చున్నంత వినయంగా ఉంది. వచ్చినందుకు ఏదో ఒకటి రాయాలి గనక మీటరు పెట్టి చూశాడు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు దాటకూడదట, మాది 3 చూపించింది. రిపోర్టులో 'ఎర్తింగ్ లోపం' అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్‌లో నీళ్లు పొయ్యమంటే ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "మొన్న ఆదివారమే రెండు బిందెలు పోశానండీ. ఉప్పూ బొగ్గూ కూడా వేశాను. ఇంకా పోస్తే వరి నాటుకోవచ్చు."

గుట్టు విప్పింది మబ్బు. మా సారు స్విచ్ పడుకున్న వేళలన్నీ ఒక పాత అటెండెన్స్ రిజిస్టరులో రాస్తూ వచ్చాడు. మామూలు రోజుల్లో చీకటి పడేవేళ. వాన ముసురు పట్టిన రోజున మాత్రం నాలుగున్నరకే. ఈ స్విచ్‌కి చీకటంటే భయమా అని ఎవరో నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు వదిలేసి పరిగెత్తాడు.

మా సీసీ కెమెరాలకు కరెంటు వేరే తీగలో రాదు, నెట్ కేబుల్‌లోనే స్విచ్ అందిస్తుంది. పీఓఈ అంటారు. పాత ప్రమాణంలో ఒక్కో పోర్టు గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది, మా స్విచ్ మొత్తం మీద 370 ఇవ్వాలి. పగలు కెమెరా తినేది కొంచెమే. వెలుతురు తగ్గగానే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించుకుంటుంది, తిండి పెరుగుతుంది. బ్లాకులో ఉన్న కెమెరాలన్నీ ఒక్కసారే అడిగేసరికి, కాగితం మీద 370 అని రాసుకున్న పవర్ సప్లై, అందులో సగానికే కళ్లు తేలేస్తోంది. అదీ జబ్బు. చీకటి పడేదాకా ఏ ఇంజినీరూ ఉండడు కనుక జబ్బు ఏ ఇంజినీరుకీ కనబడదు.

నాలుగో వాయిదా కూడా పగలు పదకొండింటికే. ఈసారి మా సారు స్టోర్ గది తాళం తీయించి, గ్రాడ్యుయేషన్ డే నల్ల గౌన్లన్నీ బయటికి తీశాడు. అటెండర్లు నిచ్చెనలు వేసుకుని వరండా వరండాకీ కెమెరాల మీద గౌన్లు కప్పుతూ పోయారు. డైరెక్టరు గారు అటుగా వస్తూ, పైన గౌన్లేసుకుని వేలాడుతున్న కెమెరాలను చూసి ఏమిటిదని అడిగితే, "రాత్రి చేస్తున్నామండీ" అన్నాడు సారు. ఆయన ఇంకేం అడగలేదు. మూడో అంతస్తులో ఆఖరి గౌను పడ్డ కాసేపటికి మెట్ల కింద స్విచ్ టప్పున పడుకుంది. ఇంజినీరు కళ్లారా చూశాడు. సారు అరవలేదు, గంతెయ్యలేదు. రిజిస్టరు తెరిచి, టైము రాసి, అతని చేతే సంతకం పెట్టించుకున్నాడు.

కొత్త స్విచ్ వారానికి వచ్చింది. రాక్‌కి బిగించే చెవులు లేవు, పవర్ తాడు లేదు. పాతదానివే విప్పి వాడుకోవాలట. పాతది గడువులోగా తిప్పి పంపకపోతే బిల్లు వేస్తారట. అదే రోజు కేసు మూయడానికి సపోర్టు నుంచి ఫోన్ వచ్చింది. నెలల తరబడి ముద్దముద్ద ఇంగ్లిషులో మాట్లాడిన గొంతే. మా సారు కేసు పూర్వాపరాలు మొదట్నుంచి వివరిస్తూ గ్రాడ్యుయేషన్ గౌన్ల దాకా వచ్చేసరికి, అవతలివాడు ఆపుకోలేక, "ఓరి నాయనో, కెమెరాలకు గౌన్లేశారా సార్?" అనేశాడు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత, "మాది తణుకు సార్. ఇక్కడ తెలుగు మాట్లాడితే ఊరుకోరు. సర్వే వస్తుంది, ఐదుకి ఐదు ఇవ్వండి సార్, అప్రైజల్ ఉంది" అన్నాడు.

సర్వే వచ్చింది. ఐదు చుక్కలూ నొక్కాడు. కింద 'మీ సూచనలు' అనే పెట్టె కనబడింది. మధ్యాహ్నం రెండింటికి టైపు చెయ్యడం మొదలుపెట్టిన మనిషి, 500 అక్షరాలకు మించి పట్టదని అది మొరాయించేసరికి ఫోన్ తీసి తణుకు కుర్రాడికే చేశాడు. "బాబూ, దీనికి అటాచ్‌మెంట్ ఎక్కడ పెట్టాలి? రిజిస్టరు స్కాన్ చేయించాను."